వెనుక బెంచీలోని బిడ్డకు ఇంగ్లీషు పాఠము

మన పల్లెలలో ఇంగ్లీషు చదువు మీద ఆశ పెరిగినది. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో 2022–23 నుండి ఒకటి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టిరి. ఆంధ్రప్రదేశ్‌లో తెలుగు, ఇంగ్లీషు రెండును కలిసియున్న పాఠ్యపుస్తకములు పిల్లల చేతికి వచ్చినవి. అయితే ఆటిజం ఉన్న బిడ్డ మాత్రము ఇంగ్లీషు పీరియడులో వెనుక బెంచీ మీద ఊరక కూర్చొనియుండుట గ్రామములలో తిరుగునప్పుడు మేము చూచుచున్నాము. "వాడికి తెలుగే సరిగా రాదు, ఇంగ్లీషెందుకండీ?" అను మాట ఆ తల్లిదండ్రులకు కొత్త కాదు. ఈ మాట న్యాయమేనా?

ఆటిజం అంటువ్యాధి కాదు, శాపము కాదు, తల్లి పెంపకములోని లోపము కాదు. అది మెదడు ఎదిగే తీరులోని భేదము. 1943లో అమెరికాలో లియో కానర్ అను వైద్యుడు పదకొండుమంది పిల్లలను గూర్చి వ్రాసిన వ్యాసము వలన ఇది వైద్యలోకమునకు తెలిసినది. ఆ పిల్లలలో కొందరు విన్న మాటనే తిరిగి పలుకుటయు, "నేను" అనవలసిన చోట "నువ్వు" అనుటయు ఆయన అప్పుడే గుర్తించెను.

ఇంగ్లీషు పాఠములో మొదటి చిక్కు ఇక్కడనే వచ్చును. మాస్టారు "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అని అడుగును. బిడ్డయు "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అనును. తరగతి అంతా నవ్వును. కాని అది వెక్కిరింత కాదు. 1981లో బారీ ప్రిజాంట్, జుడిత్ డుకాన్ అనువారు ఇట్టి పలుకులను పరిశీలించి, వాటి వెనుక ఉద్దేశముండునని చూపిరి. ఒకప్పుడు అది "అవును" అనుట, ఒకప్పుడు అడుగుట, ఒకప్పుడు సంభాషణలో తన వంతు నిలుపుకొనుట. కనుక ప్రశ్ననే మరల మరల అడుగుటకంటె జవాబును చూపుట మేలు. బిడ్డ ఫోటో అంటించి, "మై నేమ్ ఈజ్" అని పేరుతో సహా వ్రాసిన అట్టముక్కను చేతికిచ్చిన, చూచి చెప్పుటకు దారి దొరకును.

"ఐ", "యూ" అను చిన్న మాటలు మరింత కష్టము. మన తెలుగులో "వచ్చాను", "వచ్చావు" అనగానే ఎవరు వచ్చినదియు క్రియయే చెప్పును. ఇంగ్లీషులో "కేమ్" ఇద్దరికిని ఒకటే. అందుచేత "ఐ" అన్నప్పుడు తన గుండె మీద చేయి వేసికొని, "యూ" అన్నప్పుడు ఎదుటివానివైపు చూపుచు, తోటి విద్యార్థితో ఆటవలె నేర్పవలెను.

వాక్యములోని మాటల వరుస కూడ వేరు. "రాము పండు తిన్నాడు" అను చోట మన క్రియ చివర నుండును. ఇంగ్లీషులో నడుమకు వచ్చును. బ్రిటన్‌లో అలిసన్ బ్రయన్ అనునామె దీనికి రంగుల పద్ధతి నొకటి రూపొందించినది. ఎవరు అనుదానికి నారింజ, ఏమి చేయుచున్నారు అనుదానికి పసుపు, దేనిని అనుదానికి ఆకుపచ్చ. మూడు రంగుల అట్టముక్కలను వరుసగా పేర్చిన, నోట చెప్పిన నియమము కంటికి కనబడును. ఖర్చు కొన్ని రూపాయలే.

కొందరు పిల్లలు బస్సు బోర్డులు, దుకాణముల పేర్లు గడగడ చదివెదరు గాని అర్థము తెలియదు. వారికి "పుట్ ది చాక్ ఇన్ ది బాక్స్" అని వ్రాసి ఇచ్చి, ఆ పని చేయనియ్యవలెను. చేసినయెడల అర్థమైనట్లే, నోట జవాబు చెప్పకపోయినను ఫరవాలేదు. "కీప్ యువర్ ఐస్ ఆన్ ది బోర్డ్" వంటి మాటలను ఈ బిడ్డ ఉన్నదున్నట్లు తీసికొనును గనుక "లుక్ ఎట్ ది బోర్డ్" అనుట మేలు. నలభైమంది ఒక్కమారు కేకవేసి వల్లించు శబ్దము కొందరికి భరింపరానిది. గోడ ప్రక్కన, ముందు వరుసలో చోటియ్యవలెను. నేడు ఏమేమి జరుగునో బొమ్మలతో పలక మీద వరుసగా చూపిన, బెదురు తగ్గును.

"ఇంట్లో తెలుగు మానేయండి, ఇంగ్లీషే మాట్లాడండి" అని కొందరు తల్లులకు సలహా ఇచ్చుచున్నారు. రెండు భాషలు వినుట వలన ఆటిజం పిల్లల మాట మరింత వెనుకబడునని పరిశోధనలలో తేలలేదు. అమ్మమ్మ పిలుపు, నాన్న ముచ్చట తెలుగులోనే ఉండనీయుడి. ఆ తెలుగు మీదనే ఇంగ్లీషు నిలువవలెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము గుర్తించిన 21 వైకల్యములలో ఆటిజం ఒకటి. పరీక్షలో అదనపు సమయము, వ్రాసిపెట్టు సహాయకుడు, రెండవ మూడవ భాషల నుండి మినహాయింపు వంటి సడలింపులను ఆ చట్టము పేర్కొన్నది. ఆ మినహాయింపు పరీక్ష భారము తగ్గించుటకే గాని, బిడ్డను పాఠము నుండి వెలివేయుటకు కాదు. ఈ భేదము తల్లిదండ్రులు బాగుగా తెలిసికొనవలెను.

మండలములలో భవిత కేంద్రములున్నవి. అక్కడి ప్రత్యేక ఉపాధ్యాయులను కలిసి, తరువాత హెడ్మాస్టరుగారి యొద్దకు వెళ్లి, "సార్, మా వాణ్ణి ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ఈ అట్టముక్కలు వాడి చూడండి" అని ధైర్యముగా అడుగుడి. ఒక్కరుగా వెళ్లుటకు జంకినయెడల ఇరుగుపొరుగువారిలో ఒకరిని తోడు తీసికొని వెళ్లుడి.