పైథాన్ 2కి ఇక దిక్కెవరు?

మన క్లబ్బు సంచికల్లో అక్షరాలు లెక్కపెట్టడానికి సీనియర్ ఎవరో రాసిపెట్టిన చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది. మొన్న నా ల్యాప్‌టాప్‌లో నడిపితే ఒక్క లైనూ కదలకుండానే ఎర్రర్. ప్రింట్ పక్కన బ్రాకెట్లు లేవట! అంటే అది పైథాన్ 2 కాలం నాటిది.

పైథాన్ 2.0 వచ్చింది 2000లో. 2008 డిసెంబరులో 3.0 వచ్చింది, పాత కోడ్ అందులో నడవదని తెలిసే తెచ్చారు. జనం మాత్రం కదల్లేదు. 2015తో ఆపేద్దామనుకున్న 2.7 సపోర్టును 2020 దాకా పొడిగించాల్సి వచ్చింది. ఆ ఏడాది జనవరి 1తో గడువు తీరింది, ఏప్రిల్లో 2.7.18 వచ్చింది, అదే ఆఖరు.

"సపోర్టు ఆగితే ప్రోగ్రామ్ ఆగిపోతుందా అన్నా?" అని మా జూనియర్ అడిగాడు. ఆగదు, చిక్కంతా అక్కడే. ఆగిపోతే ఎప్పుడో మార్చుకునేవాళ్లం. హాయిగా నడుస్తూనే ఉంటుంది, కానీ రేపు కొత్త భద్రతా లోపం బయటపడితే పైథాన్ వాళ్లు దాన్ని పూడ్చరు. గోడకి కన్నం ఉందని దొంగకీ తెలుస్తుంది, మేస్త్రీ మాత్రం రాడు. పిప్ కూడా 2021లో పైథాన్ 2ని వదిలేసింది.

సరే, కొత్తదానికి మార్చేద్దాం అని బ్రాకెట్లు పెట్టాను. ఎర్రర్ పోయింది. 'తెలుగు' అనే మాటలో ఎన్ని అక్షరాలని అడిగితే 2.0 అంది!

అసలు కథ ఇది. యూటీఎఫ్-8లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము: ఆరు గుర్తులు, 18 బైట్లు. పైథాన్ 2 మామూలు స్ట్రింగులో బైట్లనే లెక్కపెడుతుంది. అందుకని మన సీనియర్ తెలివిగా 3తో భాగించేశాడు. పైథాన్ 3 నేరుగా గుర్తుల్నే లెక్కపెట్టి 6 అంటుంది. దాన్ని మళ్లీ 3తో భాగిస్తే 2.0. ఆ పాయింట్ సున్నా ఎందుకంటే, భాగహారం కూడా మారింది. 5ని 2తో భాగిస్తే పాతది 2 అనేది, కొత్తది 2.5 అంటుంది.

ప్రింట్ తప్పు నయం, అరిచి చెప్తుంది. భాగహారం నోరు మెదపదు. కోడ్‌ని తనంతట తాను మార్చిపెట్టే టూటుత్రీ కూడా దీని జోలికి పోదు, అక్కడికి ఏ రకం సంఖ్యలొస్తాయో దానికి తెలియదు కాబట్టి. ఇదే మార్కుల సగటు తీసే ప్రోగ్రామ్ అయితే? తెలిసిన జవాబులున్న నాలుగు లెక్కలు ముందు పాతదాంట్లో, తర్వాత కొత్తదాంట్లో చేయించి పోల్చడం తప్ప నాకు వేరే దారి కనపడలేదు.

పైథాన్ 3 అయినా శాశ్వతం కాదు. ఒక్కో వర్షన్‌కి సుమారు ఐదేళ్లే ఆయుష్షు, 3.8 గడువు 2024 అక్టోబరులో తీరింది.

మన ప్రోగ్రామ్‌లో ఆ భాగహారం తీసేశాను. ఇప్పుడు 'తెలుగు'కి 6 అంటోంది. మనకి కావాల్సింది 3. గుణింతాన్ని హల్లుతో కలిపి లెక్కపెట్టే ముక్క ఎవరైనా రాస్తానంటే ఫైల్ పంపుతా. ఏ వర్షన్‌లో రాశారో మాత్రం పైన కామెంట్ పెట్టండి బాబూ.