అంకెలు అప్పజెప్పుట – తెలివికి కొలతయా?

అమెరికాలో స్థిరపడిన మన బంధువుల ఇండ్లలో పెద్దవారికి మతిమరుపు వచ్చినదేమోనని అనుమానము కలిగినప్పుడు తెలివి పరీక్ష చేయించుట కలదు. ఆ ఫలితమును చదువుట తెలియక కొందరు భయపడుచున్నారు, మరికొందరు ఊరక ధైర్యపడుచున్నారు.

న్యూయార్కులోని బెల్‌వ్యూ ఆసుపత్రిలో పనిచేసిన డేవిడ్ వెక్స్‌లర్ 1939లో పెద్దల కొరకు ఒక పరీక్షను ప్రకటించారు. దానినుండి పెరిగిన పరీక్షకు అయిదవ కూర్పు 2024లో వెలువడినది. అంకెలు తిరిగి చెప్పించుట ఇందులో మొదటినుండి ఉన్నది. పరీక్షకుడు సెకనుకు ఒక అంకె చొప్పున చదువుతారు. 5, 2, 9 అన్నచో మొదట అట్లే చెప్పాలి. వెనుకనుండి చెప్పుమన్నప్పుడు 9, 2, 5 అనాలి. 2008 కూర్పులో చిన్న అంకెనుండి పేర్చి 2, 5, 9 అని చెప్పుట కూడా చేర్చారు.

ఉన్నది ఉన్నట్లు చెప్పుటకు శ్రద్ధ చాలును. తిరగవేసి చెప్పుటకు మనసులో నిలుపుకొనుచునే పని చేయాలి. అవధాని ధారణకు ఇది చిన్న చెల్లెలు వంటిది.

ఫలితములో 10 అనగా పదికి పది కాదు. అది ఆ వయసువారి సగటు. 19 వరకు రావచ్చును. సుమారు మూడింట రెండు వంతులమంది 7కు, 13కు మధ్యనే ఉంటారు.

తక్కువ వచ్చినంత మాత్రాన జ్ఞాపకము పోయినదనరాదు. చెవి సరిగా వినపడకున్నా, నిద్ర లేకున్నా, దిగులు ఉన్నా అంకెలు జారిపోవును. భాష కూడా ముఖ్యము. మేము సంఘపు తరగతిలో తెలుగు నేర్చుకొన్నవారము. ఇంగ్లీషులో ఏడంకెలు అప్పజెప్పిన మేమే తెలుగులో నాలుగింటికి తడబడితిమి. మా తెలివి తరగతి గుమ్మము దగ్గర ఆగిపోలేదు కదా! పైగా 'ఎనిమిది' అనుటకు నాలుగక్షరములు పలకాలి. 'ఎయిట్' ఒక్క పలుకులో ముగియును. వేల్సు భాష అంకెలు పలుకుటకు ఎక్కువ సమయము పట్టుటవలన ఆ భాషలో తక్కువ అంకెలు నిలుచునని 1980లో బ్రిటన్ పరిశోధకులు చూపించారు.

బాగా వచ్చినంత మాత్రాన నిశ్చింత కూడా తగదు. అల్‌జైమర్ వ్యాధి మొదటి దశలో అంకెలు సరిగా చెప్పినవారే ఉదయము వచ్చిన చుట్టమును మరచిపోవచ్చును. అందుకు ఒక కథ వినిపించి, అరగంట తరువాత మరల అడుగు పరీక్ష వేరే కావాలి.

కనుక పరీక్ష ఏ భాషలో జరిగినది, చెవి యంత్రము పెట్టుకొన్నారా, రాత్రి నిద్రపోయారా అని తప్పక అడుగుదము. ఇంటివారు చూచిన మార్పులను కూడా వైద్యునికి చెప్పుదము. మన పెద్దలను ఒక్క అంకెతో తూచవద్దు.