జర్మనీకి వెళ్లే ముందు తెలుగు గుర్తు చేసుకోండి

మాది బుద్వేల్. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకి దగ్గర కాబట్టి చుట్టాల్లో ఎవరు ఫారిన్ వెళ్లినా ముందు రోజు మా ఇంట్లోనే దిగుతారు. ఆవకాయ డబ్బాలు తూకం వేసేది మా హాల్లోనే. ఇదివరకు అందరూ అమెరికా అనేవాళ్లు. ఇప్పుడు జర్మనీ పేరు కూడా బాగా వినిపిస్తోంది. 2024 జనవరిలో లుఫ్తాన్సా ఇక్కడి నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి డైరెక్ట్ ఫ్లైట్ మొదలుపెట్టింది. 2023-24లో జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం, 49 వేలకు పైనే ఉన్నారు.

నాకూ అక్కడ ఎంఎస్ చేయాలని ఉంది. చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. కానీ వీసా కావాలంటే ఏడాది ఖర్చుకి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి. అంటే 11 లక్షల పైమాటే. ఆ లెక్క విని నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. అందుకే, అంత డబ్బు పెట్టే ముందు అసలు ఆ దేశం ఎలా నడుస్తుందో తెలుసుకుందామని కూర్చున్నాను.

జర్మనీ జనాభా సుమారు 8.3 కోట్లు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభా కూడా దాదాపు అంతే. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ దేశం శిథిలమైపోయింది. తర్వాత అమెరికా ఇచ్చిన మార్షల్ సాయం, 1948లో తెచ్చిన కొత్త కరెన్సీ, 1955 నుంచి ఇటలీ, తర్వాత టర్కీ లాంటి దేశాల నుంచి వచ్చిన కార్మికులు కలిసి పశ్చిమ జర్మనీని నిలబెట్టారు. 1990లో తూర్పు, పశ్చిమ జర్మనీలు ఒక్కటయ్యాయి. 2023లో జపాన్‌ని దాటి ప్రపంచంలో మూడో పెద్ద ఆర్థిక వ్యవస్థ అయింది.

మనకి తెలిసినవి కార్ల కంపెనీలే. కానీ అసలు బలం మిట్టెల్‌స్టాండ్‌ది. అంటే చిన్న ఊళ్లలో మెషీన్లు, విడిభాగాలు తయారుచేసే మధ్యస్థాయి కంపెనీలు, ఎక్కువగా కుటుంబాలవి. వీటికి మనుషుల్ని తయారుచేసేది ఆస్‌బిల్డుంగ్ అనే శిక్షణ. రెండు నుంచి మూడున్నరేళ్ల పాటు కొన్ని రోజులు కంపెనీలో పని, కొన్ని రోజులు స్కూలు, నెలనెలా జీతం. మన ఐటీఐ లాంటిదే, కానీ అక్కడ దాన్ని ఎవరూ చిన్నచూపు చూడరు. అలాగని అంతా బాగుందని కాదు. గ్యాస్ ధరలు, చైనా పోటీ లాంటి కారణాలతో 2023, 2024 రెండేళ్లూ అక్కడి ఆర్థిక వ్యవస్థ కుంచించుకుపోయింది. డిగ్రీ ఉంటే జాబ్ గ్యారంటీ అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

పని విషయంలో చట్టాలు గట్టివి. రోజుకి మామూలుగా 8 గంటలు. ఇవాళ్టి పని ముగిశాక రేపటి పని మొదలయ్యేలోపు 11 గంటల విరామం. వారానికి 5 రోజులు పనిచేసేవాళ్లకి ఏడాదికి కనీసం 20 రోజుల సెలవు. 2,000 మందికి పైగా పనిచేసే కంపెనీల పర్యవేక్షక బోర్డులో సగం సీట్లు ఉద్యోగుల ప్రతినిధులవి. ఇది 1976 నాటి చట్టం. పని ముగిశాక మొదలయ్యే సొంత సమయానికి వాళ్ల భాషలో ఒక మాటే ఉంది: ఫైయరాబెంట్.

మరి భాష? స్టట్‌గార్ట్‌లో పనిచేసే మా పెద్దమ్మ కొడుకుని అడిగాను. "కోడ్ ఇంగ్లీష్‌లనే రాస్తం రా. మీటింగ్ గూడ ఇంగ్లీష్‌లనే. కానీ అన్నం తినేటప్పుడు అందరు జర్మన్ల మాట్లాడుకుంటరు. నేను ఫోన్ చూస్కుంట కూసుంటా" అన్నాడు. రెండేళ్లయినా అంతేనట. ఆ మాట విన్నాకే నేను A1 క్లాసులో చేరాను.

అక్కడే నాకు ఆశ్చర్యం. ఎల్‌కేజీ నుంచి చదివిన ఇంగ్లీష్ కంటే, ఇంట్లో మాట్లాడే తెలుగే చాలా చోట్ల పనికొచ్చింది. 'వైల్ ఇష్ డాయిచ్ లెర్నె' అనే వాక్యాన్ని ఉన్నదున్నట్టు తెలుగులో పెడితే 'ఎందుకంటే నేను జర్మన్ నేర్చుకుంటున్నాను'. క్రియ చివర్లోనే! ఇంగ్లీష్‌లో అలా కుదరదు. 'డూ' అంటే నువ్వు, 'జీ' అంటే మీరు. ఎవరిని ఏమనాలో మనకి వేరే చెప్పక్కర్లేదు. మాటలు అతికించి పెద్ద పదం చేయడం మన సమాసాల్లాంటిదే. ప్రాంతాన్ని బట్టి యాస మారడం కూడా మనకి కొత్త కాదు. ఒక్క లింగాల దగ్గర మాత్రం తెలుగు కూడా చేతులెత్తేసింది. వాళ్లకి చెంచా పుల్లింగం, ఫోర్క్ స్త్రీలింగం, కత్తి నపుంసకలింగం!

చాలా ఇంగ్లీష్ మీడియం కోర్సులకి జర్మన్ తప్పనిసరి కాదు. అయినా B1 పూర్తి చేశాకే అప్లై చేస్తానని నాన్నకి చెప్పాను. 11 లక్షలు పోసి, అన్నం దగ్గర ఫోన్ చూస్తూ కూర్చోవడం నాకిష్టం లేదు.

అన్నట్టు, ఈ వ్యాసం తెలుగులో టైప్ చేయడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. ఒత్తులు అమ్మ దిద్దింది. జర్మన్‌తో పాటు అది కూడా నేర్చుకోవాలి.