బుక్కరాయసముద్రం చెరువు.. నడక దారి ఏ ఒడ్డున?

అనంతపురం పక్కనే ఇంత పెద్ద చెరువుంది. పొద్దున్నే నడవడానికి ఓ దారి, సాయంత్రం పిల్లలతో కూర్చోడానికి నాలుగు బెంచీలు ఉంటే ఎంత బాగుంటుంది! కోరికలో తప్పేం లేదు. ఆ దారి ఎక్కడ వేస్తారన్నదే అసలు సంగతి.

విజయనగర పాలకుడు మొదటి బుక్కరాయల కాలంలో, 1364లో పండమేరుకు అడ్డంగా కట్ట వేసి ఈ చెరువును నిర్మించారని చెబుతారు. తెగబోతున్న కట్టను కాపాడటానికి ప్రాణమిచ్చిన ముసలమ్మ కథ ఇక్కడిదే. కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యానికి అదే ఆధారం.

చెరువుకు రెండు రకాల ఒడ్డులుంటాయి. కట్ట వైపు నీళ్లు లోతు. ఎగువన నేల వాలుగా ఉంటుంది కాబట్టి నీళ్లు పలచగా పరుచుకుంటాయి. కొంగలకు కావాల్సింది ఈ పలచని నీళ్లే. మోకాలి లోతు దాటితే వాటికి మేత దొరకదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమలో నీళ్లు నెల నెలా వెనక్కి జరుగుతుంటాయి. వాటితో పాటే పక్షులూ జరుగుతాయి. తడి ఆరిన చోట గడ్డి మొలిస్తే గొర్రెలు దిగుతాయి. అక్కడ సిమెంటు గోడ కట్టి టైల్స్ పరిస్తే ఇదంతా పోయినట్టే.

హైదరాబాద్ హుస్సేన్ సాగర్‌నే చూడండి. 1562 నాటి చెరువు. చుట్టూ రోడ్లు, పార్కులు, లైట్లు వచ్చాయి. మెత్తటి ఒడ్డు పోయింది, నాలాల మురుగు మాత్రం ఏళ్ల తరబడి వస్తూనే ఉంది. జనం ముక్కు మూసుకుని మరీ ఫొటోలు దిగారు!

అందుకే నడక దారి కట్ట మీదే ఉండాలి. అక్కడా ఓ జాగ్రత్త ఉంది. నీడ కోసమని కట్ట మీద మర్రి, రావి నాటొద్దు. వేళ్లు మట్టిలోకి దిగి నీటికి దారి చేస్తాయి. చెట్లు కట్టకు బయట, కాస్త ఎడంగా పెట్టుకోవాలి. తూము, మరువ దగ్గర షాపులు పెట్టనివ్వకూడదు. 2024 అక్టోబరులో పండమేరు పొంగి అనంతపురం కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. కరువు సీమే కదా అని వాగు దారిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో అప్పుడు చూశాం.

ఎగువ ఒడ్డున పెద్ద ఖర్చేం అక్కర్లేదు. కంపచెట్లు కొట్టేసి, మురుగు రాకుండా ఆపి, మిగతాది వదిలేస్తే చాలు. పక్షుల్ని చూడాలంటే కట్ట మీద నుంచే చూడొచ్చు. చిలమత్తూరు దగ్గరి వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఇళ్ల మధ్య చెట్ల మీదే గూళ్లు పెడతాయి. వాటిని కాపాడుతున్నది ఆ ఊరివాళ్లే.