నీతిమంతుడే, పాపి కూడా!

లాటిన్‌లో 'యూస్టుస్' అనే చిన్న విశేషణం ఉంది. 'యూస్' అంటే న్యాయం. దాన్నుంచి పుట్టిన మాట ఇది. పుంలింగంలో యూస్టుస్, స్త్రీలింగంలో యూస్టా, నపుంసకలింగంలో యూస్టుమ్. పక్కన నామవాచకం లేకపోయినా ఒంటరిగా నిలబడి 'నీతిమంతుడు' అనే అర్థమిస్తుంది. రోమా పత్రిక 1:17లో లాటిన్ బైబిలు వాడింది ఈ మాటనే.

మన తెలుగులో ఇక్కడ ఒక చిక్కుంది. ధనవంతుడంటే ధనమున్నవాడు. మరి నీతిమంతుడంటే? నీతి తనలో ఉన్నవాడనే కదా అనిపిస్తుంది! అలా చదివితే, రాత్రి పడుకోబోయే ముందు తన రోజును తలచుకున్న ఏ విశ్వాసికి ధైర్యం మిగులుతుంది? మఠంలో ఉపవాసాలతో, పాపపు ఒప్పుకోళ్లతో నలిగిపోయిన మార్టిన్ లూథర్‌ను పీడించిన ప్రశ్న కూడా ఇదే.

1515-16లో విట్టెన్‌బర్గ్‌లో రోమా పత్రికను బోధిస్తూ ఆయన ఆ విశేషణం పక్కన 'పెక్కాటోర్', అంటే పాపి అనే మాటను చేర్చాడు. ఒకటి విశేషణం, మరొకటి నామవాచకం. రెండూ ప్రథమా విభక్తిలోనే, ఒకే మనిషి గురించి, ఒకే సమయంలో!

అదెలా సాధ్యం? ఆయన చెప్పిన పోలిక చాలా మామూలుది. తప్పక నయమవుతుందని వైద్యుడు ఒక రోగికి మాటిచ్చాడు. రోగి ఆ మాట నమ్మి పథ్యం చేస్తున్నాడు. ఇప్పుడితడు రోగా, ఆరోగ్యవంతుడా? ఒంటిని బట్టి చూస్తే రోగే, మంచం దిగలేదు. వైద్యుని మాటను బట్టి మాత్రం ఆరోగ్యవంతుడు. ఆ వైద్యుడు అతణ్ని అప్పుడే బాగైనవాడిగా లెక్కించాడు.