పందెం పడ్డాక పాప ఏమని లెక్కపెట్టాలి?

ఒక పొడవాటి అట్ట. దాని మీద ఒకే వరసలో 1 నుంచి 10 దాకా గళ్ళు. చక్రం తిప్పితే ముల్లు 1 దగ్గరో 2 దగ్గరో ఆగుతుంది. పడినన్ని గళ్ళు కాయను జరుపుతూ, ప్రతి గడిలోని అంకెనూ పైకి చెప్పాలి. ఆట అంతే. అమెరికాలో రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్తలు పేద ఇళ్ళ నుంచి వచ్చిన నాలుగైదేళ్ళ పిల్లలతో ఈ ఆట ఆడించి, 2008లో ఫలితాలు ప్రచురించారు. రెండు వారాల్లో నాలుగు విడతలు, విడతకు పావుగంట. అన్నీ కలిపితే ఒక గంట.

ఒంట్లు అప్పజెప్పడం వేరు, అంకె ఎంతో తెలియడం వేరు. ఒకటి నుంచి పది దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పిన పిల్లే ‘ఎనిమిది పెద్దదా, ఆరు పెద్దదా?’ అని అడిగితే మన మొహంలోకి చూస్తుంది. ఈ పరిశోధకులు కొలిచింది ఆ రెండోదాన్ని. ఒక చివర 0, ఇంకో చివర 10 రాసిన గీత ఇచ్చి, 7 ఎక్కడ ఉంటుందో గుర్తు పెట్టమన్నారు. ఆటకు ముందు పిల్లలు సరైన వరసలో పెట్టిన అంకెలు నూటికి 60 దరిదాపుల్లో ఉంటే, ఆ గంట తర్వాత 80 దాటాయి. అదే అట్ట మీద అంకెల బదులు రంగులు వేసి ఆడించిన పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆ తర్వాత 124 మంది పిల్లలతో మళ్ళీ చేసి, తొమ్మిది వారాలు ఆగి పరీక్షించినా నేర్చుకున్నది నిలిచే ఉంది.

ఇదే పరిశోధనలో ఇంకో లెక్క నన్ను ఎక్కువగా పట్టుకుంది. ఇంట్లోనో చుట్టాల ఇంట్లోనో ఇలాంటి గళ్ళ ఆటలు ఆడతామన్న పిల్లలు మధ్యతరగతిలో 80 శాతం, పేద కుటుంబాల్లో 47 శాతం. బడి గడప తొక్కకముందే లెక్కల్లో వచ్చే తేడాలో కొంత భాగం ఇలా ఆడని గంటల్లో ఉండొచ్చన్నమాట.

ఇంత చిన్న ఆట అంత పని ఎలా చేసింది? కాయ 4 దగ్గర ఉన్నప్పటికంటే 8 దగ్గరికి చేరేసరికి అది జరిగిన దూరం రెట్టింపు. చెయ్యి కదిలినవి రెట్టింపు, నోరు పలికిన అంకెలు రెట్టింపు, పట్టిన సమయమూ సుమారు రెట్టింపు. ‘ఎనిమిది’ అనే మాట వెనక ఎంత ఉందో కన్ను, చెయ్యి, చెవి ఒకేసారి సాక్ష్యం చెబుతాయి. గళ్ళను గుండ్రంగా పేర్చి ఆడించినప్పుడు ఇంత లాభం రాలేదని 2009లో వాళ్ళే చూపించారు. తిరుగుడు దారిలో పెద్ద అంకె మళ్ళీ మొదటి గడి పక్కకే వచ్చి కూర్చుంటుంది కదా.

2014లో ఎలీడా లాస్కీ అనే పరిశోధకురాలితో కలిసి సీగ్లర్ 100 గళ్ళ పటం మీద ఇంకా సన్నని ప్రశ్న వేశారు. కాయ 5 మీద ఉంది, పందెం 2 పడింది. పిల్ల ‘ఒకటి, రెండు’ అంటూ జరపాలా, ‘ఆరు, ఏడు’ అంటూ జరపాలా? అవే గళ్ళు, అదే పటం. అయినా గడిలో ఉన్న అంకెను పలుకుతూ పైకి లెక్కపెట్టిన పిల్లలే బాగా నేర్చుకున్నారు, ఒకటి నుంచి మొదలుపెట్టిన వాళ్ళకు అంత లాభం రాలేదు.

మన వైకుంఠపాళికి ఈ లెక్క కట్టి చూద్దాం. పాములూ నిచ్చెనలూ కాసేపు పక్కన పెడితే, ఆరు ముఖాల పాచికకు సగటు పందెం 3.5. నూరు గళ్ళు దాటడానికి దాదాపు 29 పందేలు కావాలి. ఈ ప్రయాణంలో పిల్ల నోట సుమారు వంద అంకెలు పలుకుతాయి. ప్రతిసారీ ‘ఒకటి, రెండు, మూడు’ అని జరిపితే ఆ వందా 1 నుంచి 6 లోపలే తిరుగుతాయి. ఆట ముగిసినా ఏడు అన్న మాట ఒక్కసారీ నోట రాదు. గడిలో ఉన్నదాన్ని చెబుతూ జరిపితే అదే ఆటలో 1 నుంచి 100 దాకా ప్రతి అంకెనూ చూసి, ముట్టుకుని, పలికినట్టే. ఖర్చులో పైసా తేడా లేదు. పక్కన కూర్చున్న అమ్మమ్మో అన్నయ్యో ‘ఐదు మీద ఉన్నావు, ఆరు అని మొదలుపెట్టు’ అంటే చాలు.

అష్టాచెమ్మా సంగతి వేరు. 25 గళ్ళున్నా వాటిలో అంకెలు ఉండవు, దారి బయట చుట్టు తిరిగి లోపలి చుట్టులోకి వెళుతుంది. సంఖ్యల వరస నేర్పడానికి ఇది వైకుంఠపాళి అంత పనికిరాదని నా అంచనా. అయితే నాలుగు గవ్వలు విసిరి, లెక్కపెట్టకుండానే మూడు వెల్లకిలా పడ్డాయని ఒక్క చూపులో పట్టేసే నేర్పు ఇందులో వస్తుంది. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే 8. వామనగుంటల్లో 14 గుంటలకు ఐదేసి చింతపిక్కలు పోస్తే 70. వాటిని పంచడం, కలపడం, ఎదుటివాళ్ళ గుంటలో ఎన్నున్నాయో చూపుతోనే అంచనా వేయడం ఆట పొడవునా సాగుతుంది. ఒక్కో ఆట ఒక్కో పనిని చేతికి అలవాటు చేస్తుంది. అన్ని ఆటలూ అన్నీ నేర్పుతాయనుకోవడం దగ్గరే మనం పొరబడుతున్నాం.

అలాగని పిల్లల్ని ఆటవస్తువుల మధ్య వదిలేసినా ఫలితం అంతంత మాత్రమే. నాలుగైదేళ్ళ పిల్లలకు త్రిభుజం, చతురస్రం లాంటి ఆకారాలు మూడు పద్ధతుల్లో నేర్పి 2013లో పోల్చిచూశారు. పెద్దలు ప్రశ్నలు వేస్తూ వెతికించిన ఆటలో పిల్లలు అందరికంటే బాగా నేర్చుకున్నారు. కూర్చోబెట్టి చెప్పినది దానికంటే తక్కువ, ఒంటరిగా వదిలేసిన ఆట ఇంకా తక్కువ. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 39 అధ్యయనాలను కలిపి చూసి 2022లో చెప్పిందీ దాదాపు ఇదే: తొలి లెక్కల్లో, ఆకారాల పరిచయంలో పెద్దల తోడున్న ఆట పాఠం చెప్పడం కంటే మెరుగ్గా ఉంది.

ఇక మన దేశంలో వచ్చిన ఫలితం. ఆటను ప్రేమించేవాళ్ళు దీన్ని తప్పక చదవాలి, ఇది పూర్తిగా తీపి కబురు కాదు కాబట్టే. ఢిల్లీలో ప్రథమ్ సంస్థతో కలిసి, ఎస్తేర్ డ్యూఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితర పరిశోధకులు 214 బాలవాడీల్లో 1,540 మంది పిల్లలపై చేసిన ప్రయోగం 2017లో వెలువడింది. పిల్లల సగటు వయసు 4.9 ఏళ్ళు. నాలుగు నెలలపాటు కొందరితో చుక్కల గుంపుల్లో ఏది ఎక్కువో పోల్చే ఆటలు, ఆకారాల ఆటలు ఆడించారు. ఆ నేర్పు బాగా పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. రాసిన అంకెల లెక్కల్లో కూడా మొదట్లో కొంత ముందున్నారు. కానీ ఆ తర్వాత ఒకటో తరగతి లెక్కలు నేర్చుకోవడంలో వీళ్ళకు మిగతావాళ్ళ మీద పైచేయి కనబడలేదు. ఆటలో పెరిగింది ఆటలోనే ఉండిపోయింది.

ఇలాంటి అగాధమే 2025లో ఇంకో చోట బయటపడింది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో అమ్మకాలు చేసే 1,436 మంది పిల్లలు బేరాల దగ్గర పెద్ద లెక్కలు మనసులోనే చేసేస్తారు. అంతకంటే తేలికైన లెక్కను బడిలో రాసినట్టు కాగితం మీద ఇస్తే తడబడ్డారు. పక్క బడుల్లో చదివే పిల్లలది సరిగ్గా తలకిందుల కథ.

అమెరికా పిల్లల అట్ట ఆటనూ, ఢిల్లీ చుక్కల ఆటనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. గంట సేపు ఆడిన ఆ పది గళ్ళ అట్ట మీద పలికే మాట, రాసిన అంకె, జరిగిన దూరం మూడూ ఒకే చోట ఉన్నాయి. చుక్కల ఆటలో రాత లేదు. బలపం పట్టాక పనికిరావాలంటే, ఆటలోకే అంకె రావాలి, నోటితో పలకాలి, ఒక పెద్ద మనిషి ఆ రెంటినీ కలిపి చూపించాలి.

2022 అక్టోబరులో వచ్చిన పునాది దశ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ళ చదువు అంతా ఆట మీదే నడవాలంది. 2023 ఫిబ్రవరిలో ‘జాదూయీ పిటారా’ పేరుతో ఆటవస్తువుల పెట్టె కూడా వచ్చింది. మంచి పనే. మరి అంగన్‌వాడీ కేంద్రంలో ఏం జరుగుతుంది? 20 మంది పిల్లలు, ఒక పటం, 20 నిమిషాలు అనుకుందాం. పందెం వేసి కాయ జరపడానికి పావు నిమిషం. మొత్తం 80 పందేలు, ఒక్కో పిల్లకు నాలుగు. మిగతా 19 నిమిషాలు చూస్తూ కూర్చోవడమే. నలుగురేసి చొప్పున ఐదు గుంపులు చేస్తే ఒక్కొక్కరికి 20 పందేలు వస్తాయి. కానీ ‘ఆరు అని మొదలుపెట్టు’ అని ఐదు చోట్లా చెప్పేదెవరు? ఆంధ్రప్రదేశ్‌లో 55 వేలకు పైగా, తెలంగాణలో 35 వేలకు పైగా ఉన్న అంగన్‌వాడీ కేంద్రాల్లో టీచర్ చేతికి బరువులు తూచడం, పోషకాహారం పంచడం, రికార్డులు రాయడం కూడా ఉన్నాయి.

తమిళనాడులో 320 కేంద్రాలను తీసుకుని, సగం చోట్ల చదువు కోసమే సగం పూట పనిచేసే ఇంకో మనిషిని పెట్టి చూశారు. పిల్లలకు చదువు చెప్పే సమయం రెట్టింపయింది. 18 నెలల తర్వాత లెక్కల్లో 0.29, భాషలో 0.46 ప్రామాణిక విచలనాల మేర మెరుగుదల కనిపించింది. మామూలు మాటల్లో, వందమందిలో కింది నుంచి 50వ స్థానంలో ఉన్న పిల్ల లెక్కల్లో 61 దాకా, భాషలో 68 దాకా ఎగబాకడం. కొత్తగా వచ్చిన మనిషి చదువు చూసుకోవడంతో పాత కార్యకర్తకు ఆరోగ్యం, పోషణ పనులకు తీరిక చిక్కింది. ఆ కేంద్రాల్లో వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలూ, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలూ కూడా తగ్గారు.