భావము, సారాంశము, తాత్పర్యము: కొన్ని బోధనా పదముల విచారము

'భావము వ్రాయుము', 'సారాంశము తెలుపుము', 'తాత్పర్యము వ్రాయుము' అను ఆజ్ఞలు మన ప్రశ్నపత్రములందు తరచుగా కనబడుచుండును. విద్యార్థి మూడింటికిని ఒక్కతీరుననే సమాధానము వ్రాయును. పరీక్షకుడును ఒక్కతీరుననే మార్కులు వేయును. ఇవి పర్యాయపదములైనచో మూడేల? కానిచో, తరగతిలో చెప్పని భేదమును పరీక్షలో అడుగుట న్యాయము కాదు. పఠనమునకును వ్యాసరచనకును సంబంధించిన ఇట్టి పదములను కొన్నింటిని ఇచట పరిశీలింపదలచితిమి.

ఉదాహరణమునకై మేమే కూర్చిన యొక చిన్న గద్యఖండమును చూతము. "కట్ట తెగిన యేడు ఊరివారందరును చెరువును గూర్చి మాటలాడిరి. కట్ట నిలిచియున్న ముప్పదియేండ్లును దానిమీద నడచిరే కాని, దానివంక చూచినవారు లేరు." ఒక్కొక్క పదమునకు అర్థము చెప్పుట ప్రతిపదార్థము. వాక్యములోని విషయమును తన మాటలలో మరల చెప్పుట భావము. విస్తరమును విడిచి ముఖ్యాంశమును నిలుపుట సారాంశము. దీనిని రెండు వాక్యములకు అడుగుట వ్యర్థము, రెండు పుటలకు అడుగవలెను. తాత్పర్యము వీనికన్న భిన్నము. 'తత్పర' శబ్దమునుండి పుట్టిన యీ పదమునకు, వాక్యము దేనియందు ఆసక్తమై యున్నదో అది యని యర్థము. పై ఖండమునకు తాత్పర్యము చెరువు కాదు; పనికివచ్చు వస్తువును చెడిపోవువరకును గుర్తింపని జనస్వభావము. ఈ మాట ఖండమునందెక్కడను లేదు.

లేని మాటను గ్రహించుట యన్నచో పాఠకుని యిష్టము వచ్చినట్లు ఊహించుట కాదా యని శంక కలుగవచ్చును. మీమాంసకులును వేదాంతులును ఈ శంకను ముందే యెరుగుదురు. తాత్పర్యనిర్ణయమునకు వారు ఆరు లింగములను చెప్పిరి: ఉపక్రమోపసంహారముల యేకత, అభ్యాసము, అపూర్వత, ఫలము, అర్థవాదము, ఉపపత్తి. వేదవాక్యవిచారమునకై యేర్పడిన యీ యారును పాఠశాలలోని గద్యమునకు అట్లే యన్వయింపవు. కాని మొదటిది, రెండవది, చివరిది నేటికిని చక్కగా పనిచేయును. మొదలును తుదియు దేనిని చెప్పుచున్నవి? నడుమ ఏ మాట మరల మరల వచ్చుచున్నది? దానికి చూపిన యుక్తి యేది? ఈ మూడు ప్రశ్నలకు ఖండమునందే సమాధానము చూపగలిగినవాడు తాత్పర్యమును గ్రహించినట్లే. చూపలేనివాడు, వాక్యమెంత సొంపుగా వ్రాసినను, ఊహించినవాడే యగును.

పాఠకుడు వెదకునది తాత్పర్యమైనచో, రచయిత ముందుగా నిలుపుకొనవలసినది ప్రతిజ్ఞ. వ్యాసరచనను బోధించునపుడు మనము ఎక్కువగా విస్మరించునది దీనినే. అందులకు వ్యాసమను పేరును కొంత కారణమేమో! సంస్కృతమున సమాసము సంక్షేపము, వ్యాసము విస్తరము. ఆంగ్లపు 'ఎస్సే' తెలుగునకు వచ్చిన తొలినాళ్లలో దానికి స్థిరమైన పేరు లేదు. 1862లో ప్రకటితమైన 'హితసూచని'లో సామినేని ముద్దునరసింహంనాయుడు తన రచనలను 'ప్రమేయము'లనెను. కందుకూరి వీరేశలింగము పంతులు (1848-1919) 'ఉపన్యాసము'లనిరి. ప్రమేయమనగా ప్రమాణముచే తెలియదగినది. ఉపన్యాసమనగా ఎదుట నుంచుట. తుదకు నిలిచినది వ్యాసమను పేరు. విద్యార్థియు విస్తరించుటయే వ్యాసమని నమ్మి పుటలు నింపుచున్నాడు.

'గ్రంథాలయములు' అనునది విషయము మాత్రమే. 'పాఠశాల గ్రంథాలయమునకు తాళము వేసి యుంచుటకన్న పుస్తకములు చిరిగిపోవుటయే మేలు' అనునది ప్రతిజ్ఞ. దీనిని కాదనువాడుండును గనుక హేతువు కావలసివచ్చును, ఉదాహరణము కావలసివచ్చును. విషయమును కాదనువా డెవ్వడును లేడు; కావుననే విషయమాత్రముతో వ్రాసిన వ్యాసము ముందుకు నడువదు. నైయాయికుల పంచావయవములలో ఉపనయమును విద్యార్థులకు చెప్పకున్నను లోటు లేదు. నిగమనమును మాత్రము 'ముగింపు' నుండి వేరుచేసి చెప్పవలెను. హేతువుచే సాధింపబడిన ప్రతిజ్ఞను మరల పలుకుట నిగమనము. వ్రాయుట ఆపుట ముగింపు. 'కావున మనమందరము పాటుపడవలెను' అను వాక్యము గ్రంథాలయములకును, వరకట్నమునకును, వృక్షసంరక్షణమునకును సమముగనే సరిపోవును. ముందు ఏ హేతువును లేకయే 'కావున' అని వచ్చిన యా వాక్యమును నిగమనమనుటకు వీలులేదు.